వార్షిక నివేదిక: బటన్ రంగు దగ్గర మొదలయ్యే నీతి

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం ఎక్కువ సమయం ఒకే ప్రశ్న మీద పెట్టింది. తప్పని తెలిసిన డిజైన్‌ని కూడా యూజర్ ఎక్స్‌పీరియన్స్ డిజైనర్లు, అంటే యాప్‌లు, వెబ్‌సైట్లు వాడేవారికి ఎలా కనిపించాలో, ఎలా పనిచేయాలో రూపొందించేవారు, ఎందుకు చేయాల్సి వస్తోంది?

చదువు బృందం పాత పరిశోధనలతో మొదలుపెట్టింది. మనిషిని మభ్యపెట్టే డిజైన్లకు 2010లో డిజైనర్ హ్యారీ బ్రిగ్నల్ ‘డార్క్ ప్యాటర్న్స్’ అని పేరు పెట్టారు. 2018లో పరిశోధకుడు కాలిన్ గ్రే బృందం వాటిని ఐదు రకాలుగా విడదీసింది: పదేపదే విసిగించడం, అడ్డుపడటం, దొంగచాటుగా చేర్చడం, స్క్రీన్ అమరికతో పక్కదారి పట్టించడం, బలవంతంగా చేయించడం. 2019లో మరో బృందం సుమారు 11,000 షాపింగ్ సైట్లను జల్లెడ పడితే 1,818 ఉదాహరణలు దొరికాయి.

అసలు చర్చ మాత్రం వర్క్‌షాప్‌లో జరిగింది. ఒక సభ్యురాలు తను గతంలో చేసిన సబ్‌స్క్రిప్షన్ రద్దు స్క్రీన్ తెచ్చి చూపించారు. ‘కొనసాగించు’ అనేది ముదురు ఆకుపచ్చలో, స్క్రీన్ అంత వెడల్పున ఉంది. ‘రద్దు చేయి’ ఎక్కడో అడుగున, లేత బూడిద రంగు అక్షరాల్లో ఉంది. దానికి బటన్ ఆకారం కూడా లేదు. నొక్కితే ఇంకో మూడు ప్రశ్నలు. “గీస్తున్నప్పుడే మనసొప్పలేదు. కానీ మీటింగ్‌లో ఏమని చెప్పాలో తెలియలేదు” అన్నారామె. ఇలాంటి అనుభవం మాకూ ఉందని చాలామంది చెప్పారు.

గ్రే, శ్రుతి సాయి చివుకుల 2019లో రాసిన పరిశోధనా పత్రం మాకు ఇక్కడే బాగా పనికొచ్చింది. డిజైనర్ నైతిక నిర్ణయం ఒక్క మనస్సాక్షితో తేలేది కాదని, సంస్థ పని చేసే తీరు కూడా దాన్ని మలుస్తుందని అందులో ఉంది. అలాంటప్పుడు మంచి మనసు ఉంటే చాలని విద్యార్థులకు చెప్పి పంపడం అన్యాయమే.

అందుకే పాఠాలు చెప్పే మన సభ్యులు నీతి పాఠాన్ని కోర్సు చివరి నుంచి తీసి, డిజైన్ల మీద విమర్శ జరిగే క్లాసులోకే తెచ్చారు. ఒక విద్యార్థి మేనేజర్‌గా నటిస్తూ టార్గెట్ల గురించి ఒత్తిడి చేస్తాడు. ఇంకొకరు ‘ఈ రద్దు దారి ఎంతమందికి కనిపిస్తుందో ముందు టెస్ట్ చేద్దాం’ అని అడగడం సాధన చేస్తారు. మొదట్లో గొంతు పెగలని వాళ్లు కూడా రెండో సారికి మాట్లాడారు. మాకు చాలా సంతోషం కలిగించిన పని ఇదే.

ఉద్యోగాల్లో ఉన్నవారి సమావేశాలు అనుకున్నట్టు సాగలేదు. పనివేళల తర్వాత పెట్టడం మా పొరపాటు. వచ్చే ఏడాది సెలవు రోజుల్లో పెడతాం.

తెలుగు పాఠ్య సామగ్రి ఇంకా సగంలోనే ఉంది. దానికి అసలైన ఉదాహరణలు కావాలి. మీరు చేసిన, లేదా చేయనని చెప్పిన స్క్రీన్లు ఉంటే, కంపెనీ పేరు చెరిపేసి కార్యవర్గానికి పంపండి.