మహిళా నాటక బృందాలకు సభామందిరం కోరుతూ సంబంధిత అధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారి గారికి నమస్కారాలు.

తిరుపతిలోని ఒక ప్రభుత్వ సభామందిరంలో నెలకొక సాయంత్రం నాటకం ప్రదర్శించుకునేందుకు అనుమతి కోరుతూ మా మహిళా బృందం మూడుసార్లు అర్జీ పెట్టుకుంది. ఒక్కదానికీ జవాబు రాకపోవడంతో ఈ విన్నపాన్ని నలుగురి ముందు ఉంచుతున్నాను.

చిత్తూరు ప్రాంతపు పల్లెల్లో ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర పద్దెనిమిది రోజులు జరిగే భారతాలలో, తనను తాను ఓడిపోయిన భర్తకు భార్యను పణంగా ఒడ్డే హక్కు ఎక్కడిదని ద్రౌపది నిండు సభను నిలదీస్తుంది. ఆ వేషం కట్టేది మాత్రం ఎక్కువగా మగవాళ్లే. ఆ ప్రశ్ననే మేము నేటి ఇంట్లోకి తెచ్చాం. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసే మా నటి, జీతం పడిన రోజున ఏటీఎం కార్డును భర్త పాత్రధారి చేతిలో పెట్టి, బస్సు ఛార్జీకి ఇరవై రూపాయలు అడిగి తీసుకునే దృశ్యం అందులో ఉంది. అందులో మాటలు చాలా తక్కువ. ఒక బడి ఆవరణలో అది చూసిన ఒకావిడ, తన కార్డు కూడా నాలుగేళ్లుగా తన దగ్గర లేదని మెల్లగా చెప్పింది.

హిందూ కుటుంబాల ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన వాటా దాదాపు దేశమంతటా హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణతో వచ్చింది; మన రాష్ట్రంలో 1985 నాటికి పెళ్లికాని కూతుళ్లకు అప్పటి నుంచే ఉంది. ఆ వాటాను పుట్టింట్లో నోరు తెరిచి అడగడం ఎంత కష్టమో మా నాటకం చూపుతుంది.

ప్రైవేటు హాలు అద్దె మా కూలి డబ్బులకు అందదు. ఆరుబయట ఇద్దరు దుప్పటి అడ్డం పట్టుకుంటే మూడో మనిషి చీర మార్చుకుంటోంది.

కాబట్టి మహిళా బృందాలకు నెలకు ఒక సాయంత్రం నామమాత్రపు అద్దెకు మందిరం కేటాయించాలని, మరుగుదొడ్డి ఉన్న వేషధారణ గది తెరిపించాలని, పదిహేను రోజుల్లో లిఖితపూర్వకంగా జవాబు ఇవ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక మహిళా నాటక బృందం నిర్వాహకురాలు, తిరుపతి