దొరకలేదన్న ఫైలు రోజుల్లో దొరికింది

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ పత్రికలో జపాన్ ప్రధానుల మీద వేసిన పేజీ చదివాను. అందులో నావోటో కాన్‌కి మీరిచ్చింది ఒక్క వాక్యం: ఫుకుషిమా అణు ప్రమాదం నాటి ప్రధాని, పదిహేను నెలలకే దిగిపోయారు అని. అది నిజమే. కానీ ఆ మనిషి కథలో మనం తెలుసుకోవాల్సిన ముఖ్యమైన సంగతి అంతకు పదిహేనేళ్ల ముందు జరిగింది. దాని ఊసే లేకపోయేసరికి ఉండబట్టలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

నాకెందుకింత పట్టింపు అంటే, మా తమ్ముడికి హిమోఫీలియా, అంటే రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు. చిన్నప్పుడు మోకాలికి దెబ్బ తగిలితే లోపల రక్తం కారి, కాలు కుండలా వాచిపోయి, వారాల తరబడి మంచం మీదే ఉండేవాడు. రక్తం గడ్డకట్టించే ఫ్యాక్టర్ 8 ఇంజెక్షన్ పడితే గానీ నొప్పి తగ్గేది కాదు. అది మాకు ప్రాణం పోసే మందు. జపాన్‌లో అదే మందు వేలమంది ఇళ్లలోకి హెచ్ఐవీని తెచ్చిందని మొదటిసారి చదివిన రోజు నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు.

సంగతి ఇదీ. అమెరికా నుంచి తెచ్చిన రక్తంతో తయారైన ఆ మందులో వైరస్ చేరింది. వేడి చేసి వైరస్‌ని చంపిన రకం అమెరికాలో 1983లోనే వచ్చినా, జపాన్‌లో దానికి అనుమతి దొరికింది 1985 జులైలో. ఆలోగా ఆ దేశంలో ఉన్న సుమారు అయిదు వేలమంది హిమోఫీలియా రోగుల్లో దాదాపు నూటికి నలభై మందికి హెచ్ఐవీ సోకింది. వాళ్లలో చాలామంది పిల్లలు. బాధితులు 1989లో కోర్టుకెక్కారు. అప్పటి కాగితాలు ఇవ్వండి అంటే ఆరోగ్యశాఖ ఏళ్ల తరబడి ఒకటే మాట, దొరకడం లేదని.

1996 జనవరిలో కాన్ ఆరోగ్య మంత్రి అయ్యారు. వచ్చీ రాగానే శాఖలోనే ఒక దర్యాప్తు బృందాన్ని వేసి వెతకమన్నారు. రోజుల వ్యవధిలోనే ఫైళ్లు బయటపడ్డాయి! 1983లోనే ఆ మందుతో ప్రమాదం ఉందని అధికారులు మాట్లాడుకున్నారని, వేడి చేయని మందును ఆపే ఆలోచన కూడా చేశారని ఆ కాగితాల్లో ఉంది. ఆయన వాటిని జనం ముందు పెట్టారు. ఫిబ్రవరి 16న, ఆరోగ్యశాఖ ఎదుట చలిలో బైఠాయించిన బాధితులను కలిసి, ప్రభుత్వానిదే తప్పని ఒప్పుకుని తల వంచి క్షమాపణ చెప్పారు. మార్చి నెలాఖరుకి కోర్టులో రాజీ కుదిరి, ఒక్కొక్కరికి 4.5 కోట్ల యెన్ల పరిహారం ఖాయమైంది. పోయిన ప్రాణాలు తిరిగి రావు, నిజమే. కానీ మీ బిడ్డకి జరిగింది మా తప్పే అని ఒక మంత్రి ముఖాముఖి చెప్పడం ఆ తల్లులకి ఎంత విషయమో నేను ఊహించుకోగలను.

ఈయన పెద్ద ఇంటి బిడ్డ కూడా కాదండీ. భౌతికశాస్త్రం చదివి, పేటెంట్ల పని చేసుకుంటూ పౌర ఉద్యమాల్లో తిరిగిన మనిషి. 1974లో, ఎనభై దాటిన ఫుసాయే ఇచికావా అనే స్త్రీ హక్కుల నాయకురాలి ఎన్నికల పని భుజాన వేసుకున్నారు. తర్వాత తానే పోటీ చేసి మూడుసార్లు ఓడి, 1980లో నాలుగోసారి గెలిచారు. ఆయనకి ముందు వరసగా ప్రధానులైన నలుగురూ, అబే, ఫుకుదా, అసో, హతోయామా, మాజీ ప్రధానుల కొడుకులో మనవళ్లో. వారసత్వ రాజకీయం మనకి కొత్త కాదు కాబట్టి, 2010 జూన్‌లో ఈయన ఆ కుర్చీ దాకా రావడం ఎంత అరుదో మన పాఠకులకి వేరే చెప్పక్కర్లేదు.

ఇక ఫుకుషిమా. అక్కడే నాకు మనసు కష్టపడుతుంది. 2011 మార్చి 15 తెల్లవారుజామున ఆ అణు విద్యుత్ ప్లాంటును నడిపే టెప్కో కంపెనీ ఆఫీసుకి తానే వెళ్లి, ప్లాంటు వదిలి రావడానికి వీల్లేదని గట్టిగా చెప్పారు. పరిస్థితి ఇంకా దిగజారితే టోక్యో ప్రాంతం కూడా ఖాళీ చేయాల్సి వస్తుందేమోనన్న భయం అప్పట్లో ప్రభుత్వంలో ఉంది, ఆ టెన్షన్‌లో మనిషి ఎలా ఉంటాడో అర్థం చేసుకోవచ్చు. ముందే ఆయనకి కోపిష్టి అని పేరు. అంతకు మూడు రోజుల ముందు హెలికాప్టర్లో ప్లాంటుకి వెళ్లడం పనికి అడ్డమైందని విమర్శలూ వచ్చాయి. వాటి గురించి నేను వాదించను. కానీ రేడియేషన్ ఎటు వీస్తుందో చూపే కంప్యూటర్ అంచనాలు ఆయన ప్రభుత్వం దగ్గర ఉండి కూడా సమయానికి జనానికి చేరలేదు. ప్లాంటుకి దగ్గర్లోని నమియే పట్టణం వాళ్లు తెలియక, రేడియేషన్ ఎక్కువగా ఉన్న దిక్కుకే పిల్లాపాపలతో వెళ్లి రోజుల తరబడి తలదాచుకున్నారు. ఆయన అధ్యక్షతన నడిచిన అణు ప్రమాద కమిటీ సమావేశాలకి మినిట్స్ రాయలేదని మరుసటి ఏడు బయటపడింది. ఒకప్పుడు ఫైళ్లు తెరిపించిన మనిషి గదిలోనే కాగితం పుట్టలేదంటే నేను ఎలా సర్దిచెప్పుకోను? ఆయన్ని అభిమానించేవాణ్ణి కాబట్టే ఇది దాచకుండా రాస్తున్నాను. దిగిపోయే ముందు, సౌర, పవన విద్యుత్తును కంపెనీలు నిర్ణీత ధరకి కొనాలనే చట్టం పాసయ్యాకే వెళతానని పట్టుబట్టి, ఆగస్టు 26న దాన్ని పాస్ చేయించుకున్నారు. అదీ ఆయన ఖాతాలో రాయాలి.

నేను ఈ పాత కథ ఎందుకు తవ్వుతున్నానంటే, పోయిన సంవత్సరం మా తమ్ముడికి మందు లేదని మూడుసార్లు తిప్పి పంపిన ఒక ఆసుపత్రిని, ఆ నెలల్లో ఫ్యాక్టర్ స్టాకు ఎంత వచ్చింది, ఎవరికి వాడారు అని సమాచార హక్కు కింద అడిగాను. 'సంబంధిత రికార్డు లభ్యం కావడం లేదు' అని ఒక్క లైను జవాబు. ఆ లైను చదివినప్పుడు జపాన్ తల్లులే గుర్తొచ్చారు. స్టాకు రిజిస్టరు లేకుండా మందు ఎలా ఇస్తారు సార్? రికార్డు లేదని చెప్పే ముందు ఎవరు వెతికారో, ఎక్కడ వెతికారో ఆ జవాబులోనే సంతకం పెట్టి రాయాలని మన రెండు రాష్ట్రాల ఆరోగ్య మంత్రులు ఒక్క ఉత్తర్వు ఇవ్వలేరా? దీనికి డబ్బు కూడా ఖర్చు కాదు.

మీ పేజీలో మళ్లీ చోటు దొరికితే 1996 సంగతి పూర్తిగా రాయించండి. నేను మొదటి అప్పీలు వేశాను, గడువు ముప్పై రోజులు. జవాబు ఏదొచ్చినా దాని కాపీ మీకు పంపుతాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
గుంటూరు