శీనుగాడికి, మనాలి వెళ్ళేముందు

బెంగళూరు,
ఆదివారం పొద్దున

ఒరేయ్ శీనూ,

జవాబు బాగా ఆలస్యమైంది, కోపం తెచ్చుకోకు. ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ మోకాలు నయమైంది, మెట్లెక్కుతోంది. చంటిదానికి పరీక్షలు అయిపోయాయి. ఎల్లో లైను మెట్రో వచ్చాక సిల్క్ బోర్డు జంక్షన్లో పడిగాపులు తప్పాయి. చెల్లెమ్మ అడిగిన గోంగూర పచ్చడి కొరియర్ చేశాం. ఇంటి సంగతులు ఇంతే. అసలు సంగతికొస్తా, అది చెప్పకపోతే నాకు అన్నం సయించేట్టు లేదు.

జనవరిలో పిల్లల్నీ, అమ్మనీ నాన్ననీ ఎక్కించుకుని నోయిడా నుంచి మనాలికి కొత్త కారులో వెళ్తానన్నావు కదా. "మంచు రోడ్ల కోసం కారులో స్నో మోడ్ ఉందిరా, ఇంక భయమేంటి" అని రాశావు. ఆ మాట చదివిన దగ్గర్నుంచీ నా మనసు మనసులో లేదు. మేం డిసెంబరులో మనాలి దాటి, అటల్ టన్నెల్ అవతల లాహౌల్‌లో ఉన్న సిస్సు ఊరి దాకా వెళ్ళొచ్చాంలే, అక్కడ చూసిందంతా నీకు చెప్పి తీరాలి.

మనాలిలో లోకల్ డ్రైవరుతో ఫోర్ బై ఫోర్ బండి, అంటే నాలుగు చక్రాలకీ ఇంజను శక్తి వెళ్ళగలిగే బండి, మాట్లాడుకున్నాం. ఆయన్ని అందరం భాయీ అనే పిలిచాం. మన హెడ్డు మావయ్య మీసం, అదే దగ్గు! నువ్వుంటే పొట్ట పట్టుకుని నవ్వేవాడివి. కానీ ఆ మనిషికి మంచు మీద బండి నడపడం పుట్టుకతో వచ్చిన విద్యలా ఉంది.

సిస్సులో టీ తాగుతుండగా మంచు పడటం మొదలైంది. పిల్లలు గంతులేశారు. కాసేపటికే రోడ్డంతా తెల్లబడింది. భాయీ గ్లాసు కింద పెట్టి "ఇక బయల్దేరాలి" అన్నాడు. ఎక్కేముందు రోడ్డు మధ్యకి వెళ్ళి, బూటుతో పైనున్న మంచుని పక్కకి గీకాడు. కింద తారు నల్లగా నిగనిగలాడుతోంది. తడేమో అనుకున్నాం. ఆయన బూటు ఆనించి కొంచెం తోశాడు, కాలు జర్రున జారింది. అది తడి కాదురా, తారు రంగు కూడా కనిపించేంత పల్చగా గడ్డకట్టిన ఐసు. బ్లాక్ ఐస్ అంటారు. ఎండ తగలని మలుపుల్లో, వంతెనల మీద ఎక్కువగా ఉంటుందట. చూపుకి ఆనదు, అదే దాని ప్రమాదం.

పక్కన ఖాళీ జాగా ఉంటే అక్కడ మాకు చిన్న పాఠం చెప్పాడు. ముందు టూ వీల్లో, అంటే వెనక రెండు చక్రాలకే శక్తి వెళ్ళేలా ఉంచి యాక్సిలరేటర్ కాస్త గట్టిగా తొక్కాడు. వెనక చక్రాలు అక్కడే గిర్రున తిరిగాయి, బండి వెనక భాగం పక్కకి కొట్టుకుపోయింది. తర్వాత లివరు ఫోర్ హైలోకి, అంటే నాలుగు చక్రాలూ మామూలు వేగంతో తిరిగేలా వేసి, రెండో గేరులో క్లచ్ మెల్లమెల్లగా వదిలాడు. ఏ గొడవా లేకుండా కదిలింది. మీ కొత్త బండ్లలో స్నో బటన్ నొక్కితే జరిగేది చాలావరకు ఈ మెల్లగా కదిలించడమేరా. కాలు ఎంత తొక్కినా ఇంజను శక్తి నిదానంగా వస్తుంది, కొన్ని బండ్లు రెండో గేరులోనే కదులుతాయి, పై గేరుకి తొందరగా మారతాయి, చక్రం జారబోతే ట్రాక్షన్ కంట్రోల్ వెంటనే అడ్డుపడుతుంది.

ఇక్కడిదాకా బాగానే ఉంది. ఆ తర్వాత చూపించిందే నీకు రాయాలని ఇంత ఆత్రం. ఇరవై స్పీడుకి తెచ్చి బ్రేకు తొక్కాడు. ఆయన పాదం కింద పెడలు గడగడా కొట్టుకుంటోంది, అంటే బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ తన పని తాను చేస్తోంది. బండి మాత్రం ఆగదే! తిన్నగా జారుకుంటూ పోతోంది, పోతోంది... నాలుగు చక్రాలకీ ఇంజను శక్తి అందే బండి! ఆగాక ఆయన మావైపు తిరిగి "కదిలేటప్పుడే ఇది ఫోర్ బై ఫోర్. ఆగేటప్పుడు అన్ని బండ్లూ ఒకటే" అన్నాడు. ఒరేయ్, ఇది చాలు. ఉత్తరంలో మిగతాదంతా మర్చిపోయినా ఇది మర్చిపోకు. నీ స్నో మోడ్ బండిని కదిలిస్తుంది. ఆపేది టైరు, ముందు బండికీ నీకూ మధ్య నువ్వు వదిలిన జాగా.

తిరుగుదారిలో అటల్ టన్నెల్. 9.02 కిలోమీటర్లు, సముద్ర మట్టానికి మూడు వేల మీటర్ల పైన. 2020 అక్టోబరులో తెరిచారు కదా, అంతకు ముందు చలికాలమంతా రోహ్తాంగ్ కనుమ దారి మూసుకుపోతే లాహౌల్ వాళ్ళకి రోడ్డు దారే ఉండేది కాదు. తల్చుకుంటేనే గుండె బరువెక్కుతుంది, ఆ రోజుల్లో ఎవరికైనా జబ్బు చేస్తే... సరే. టన్నెల్లోకి రాగానే భాయీ లివరు మళ్ళీ టూ వీల్లోకి మార్చాడు. లోపల రోడ్డు పొడిగా ఉంది, అలాంటి రోడ్డు మీద ఈ రకం బండిని ఫోర్ వీల్లో తిప్పితే ముందూ వెనకా ఇరుసులు ఒకదాన్నొకటి లాక్కుని గేర్లు పాడవుతాయట. బయటికి వచ్చేముందు స్పీడు తగ్గించి మళ్ళీ ఫోర్ హై. పొడి రోడ్డు మీంచి ఒక్కసారిగా ఐసు మీదికి వస్తాం కదా, జాగ్రత్తగా ఉండాల్సింది అక్కడే.

టన్నెల్ దాటాక మనాలి వైపు, ధుంది నుంచి సోలంగ్ దిగే దారి చూడాలి. ఒక పెద్ద కారు అడ్డం తిరిగి ఉంది, నలుగురు తోస్తున్నారు, తోసేవాళ్ళ కాళ్ళే జారుతున్నాయి. భాయీ చాలా వెనకే ఆపేశాడు. ముందు బండి మలుపు దాటి కనుమరుగయ్యేదాకా కదల్లేదు. వెనక నుంచి హారన్ల మోత, అయినా ఉలకడు పలకడు. తర్వాత లివరు 'ఫోర్ లో'కి, అంటే నాలుగు చక్రాలూ ఎక్కువ బలంతో మెల్లగా తిరిగేలా మార్చాడు, చిన్న గేరు. బ్రేకు మీద కాలు లేదు. ముకుతాడు వేసి ఎద్దుని నడిపించినట్టు ఇంజనే బండిని పట్టుకుని దించింది. ఒక చోట ముందు చక్రాలు కాస్త జారాయి, మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. నాకు సింహాచలం ఘాట్ రోడ్డు, రమణగాడి స్కూటరు గుర్తొచ్చాయి. నీకూ గుర్తుండే ఉంటుంది. ఇప్పుడా మాట వద్దులే.

ఇప్పుడు నీ కారు సంగతి. నీ క్రెటా ఆటోమేటిక్‌లో స్నో, మడ్, శాండ్ అని మూడూ ఉన్నాయి, కానీ ఇంజను శక్తి వెళ్ళేది ముందు చక్రాలకే. బటన్ నొక్కితే వెనక చక్రాలకి శక్తి రాదు. గ్రాండ్ విటారా ఆల్‌గ్రిప్‌లో ఆటో, స్పోర్ట్, స్నో, లాక్ అని ఉంటాయి చూడు, అది నిజంగానే నాలుగు చక్రాలకీ పంపుతుంది. మంచు ఎక్కువైతే పోలీసులు ఫోర్ బై ఫోర్ బండ్లని మాత్రమే పైకి వదులుతారు. అప్పుడు వాదనకి దిగకు, కారు మనాలిలో పెట్టేసి లోకల్ బండి ఎక్కు. పెద్దవాళ్ళు ఉన్నారు వెంట.

మంచు పల్చగా ఉంటే స్నో మోడే పెట్టు. శాండ్, మడ్ మోడ్‌లలో చక్రాన్ని కాస్త తిరగనిస్తారు, లోతైన ఇసుకలో, బురదలో అది మేలే, కానీ గట్టిపడిన మంచు మీద చక్రం అలా తిరిగితే కింద ఇంకా నున్నగా అవుతుంది. స్పోర్ట్ వైపు చెయ్యే పోనీకు. దిగేటప్పుడు గేరు నువ్వే తగ్గించుకో, అదీ ఒక్కొక్కటిగా, ఎందుకంటే ముందు చక్రాల మీదే ఇంజను బ్రేకు గట్టిగా పడితే స్టీరింగు మాట వినదు. కాలు తీసినా ఒకే స్పీడులో పోనిచ్చే క్రూయిజ్ కంట్రోల్ అసలొద్దు. మా బావ తన ఎలక్ట్రిక్ కారులో వస్తానంటున్నాడుట కదా, కాలు తియ్యగానే మోటారే బ్రేకులా పట్టేస్తుంది, ఆ రీజెన్ బాగా తగ్గించుకోమను.

టైర్ల గురించి మాత్రం నీతో పోట్లాడతాను. మనం వాడే మామూలు టైర్ల రబ్బరు ఏడు డిగ్రీల కంటే చల్లబడితే గట్టిపడి పట్టు తగ్గిపోతుంది. మంచు టైరైతే పక్కన మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచుపువ్వు గుర్తు ఉంటుంది, వెళ్ళి చూడు. అవి దొరక్కపోతే మంచులో పట్టు కోసం టైర్లకి చుట్టే చైన్లు కొను, నీ కారుకి ముందు చక్రాలకి వెయ్యాలి. వేశాక ముప్పై దాటకు. రాత్రి హ్యాండ్ బ్రేకు వేసి వదిలేస్తే గడ్డకట్టి పట్టేస్తుందని భాయీ గేరులో పెట్టి, చక్రం కింద రాయి పెట్టేవాడు. నువ్వూ గేరు 'పీ' (పార్కింగ్)లో పెట్టి రాయి పెట్టు. మంచులో ఇరుక్కుని హీటర్ కోసం ఇంజను ఆన్‌లో ఉంచితే ముందు సైలెన్సర్ గొట్టం దగ్గర మంచు తీసెయ్, లేకపోతే పొగ లోపలికొస్తుంది, పిల్లలున్నారు.

చైన్లు అక్కడికెళ్ళి చలిలో మొదటిసారి వేద్దామనుకోకు, మీ అపార్టుమెంటు కిందే ఒకసారి వేసి చూడు. బిగించేటప్పుడు ఇంకో సంగతుంది, కొంచెం దూరం వెళ్ళాక మళ్ళీ...

అయ్యో, చంటిదాని డాన్స్ క్లాసుకి టైమైపోయింది, కింద ఆటో వచ్చి నిలబడింది. రాత్రి తొమ్మిది దాటాక ఫోన్ చేస్తా, ఎత్తు.

నీ
బుజ్జి