కవరు వెనక నాలుగు మాటలు రాసి నన్ను ఆపిన అక్కకు

మూడు నెలల క్రితం ఫోన్ మోగితే చాలు, నాకు గుండె దడ. 2013లో ఉద్యోగం పోయినప్పుడు కట్టలేక వదిలేసిన క్రెడిట్ కార్డు బాకీ ఒకటి, నేనెప్పుడూ విననైనా వినని వాయిదాల బాకీ ఇంకొకటి, రెండూ ఒకే రికవరీ ఏజెన్సీ చేతికి వెళ్లాయట. రోజుకు ఐదారు కాల్స్. "ఇవాళ కొంచెమైనా కట్టండి, మిగతాది నిదానంగా చూద్దాం" అని ఒకటే పాట. టెన్షన్ భరించలేక ఆ కొంచెం కట్టేద్దామనే కూర్చున్నాను.

సరిగ్గా అప్పుడే అక్క వచ్చారు. నా పాత ఆఫీసులో సీనియర్, అంతకుముందు కొన్నేళ్లు రికవరీ పని చేసిన మనిషి. పేరు రాయొద్దన్నారు.

"బాకీ మీదేనని ఒప్పుకుంటున్నారా, లేదా?" అని అవతలి మనిషి గద్దిస్తున్నాడు. అక్క ఎదురుగా కూర్చుని ఒక పాత కవరు వెనక పెద్ద అక్షరాలతో రాసి చూపించారు: "అవును అనకు. కాగితం అడుగు." గొంతు వణుకుతూనే ఉంది. అయినా వివరాలు రాసి పంపమన్నాను, జవాబు కూడా రాసే ఇస్తానన్నాను. అతను ఇంకేమీ అనకుండా పెట్టేశాడు.

తర్వాత అక్క విడమరిచి చెప్పారు. పాత బాకీ మీద కోర్టుకెళ్లడానికి చాలా దేశాల్లో గడువుంటుంది. ఒకచోట 3 ఏళ్లు, ఇంకోచోట 6, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. గడువు ముగియక ముందు కాస్త డబ్బు కట్టినా, బాకీ నాదేనని రాసిచ్చినా, చాలాచోట్ల లెక్క మళ్లీ మొదటికొస్తుంది. కొన్నిచోట్ల గడువు దాటాక కట్టినా చిక్కేనట. "కొంచెమైనా" అన్న మాట వెనక ఇంత కథ ఉంది. నేనేమో జాలిపడుతున్నాడనుకున్నాను!

పందొమ్మిది రోజులకు కాగితాలు వచ్చాయి. రెండో బాకీ మనిషిది నా పేరే, నా ఇంటిపేరే, పుట్టిన తేదీ మాత్రం వేరు. ఒక పేజీ ఉత్తరం రిజిస్టర్డ్ పోస్టులో పంపాం, మళ్లీ దాని ఊసు లేదు. క్రెడిట్ రిపోర్టులో కూడా ఆ బాకీ నా ఖాతాలోనే కనిపించింది. దిద్దించడానికి విడిగా ఇంకో అర్జీ పెట్టాల్సి వచ్చింది.

కార్డు బాకీ మాత్రం నాదే. వడ్డీ, లేటు ఫీజు, తలాతోకా లేని ఛార్జీలు కలిసి అసలుకు రెండున్నర రెట్లయింది. గడువు దాటిపోయింది, కోర్టుకెళ్లి రాబట్టలేరని ఉచిత న్యాయ సహాయం చేసే లాయర్‌గారు కాగితాలన్నీ చూసి చెప్పారు. ఆయన ఒక్క పైసా తీసుకోలేదు. అయినా వాడుకున్న డబ్బు కదా, అసలు వరకు కడతానన్నాను. అక్కకు నచ్చలేదు. "నీ ఇష్టం. ఉత్తరం చేతికొచ్చాకే డబ్బు" అన్నారు. ఏజెంటు తన సొంత ఖాతాలో వేయమన్నాడు, వేయలేదు. ఈ మొత్తంతో బాకీ పూర్తిగా తీరినట్టేనని సంస్థ రాసిచ్చాకే, సంస్థ ఖాతాకే పంపాను. రిపోర్టులో 'సెటిల్డ్' అనే పడింది, పూర్తిగా కట్టినట్టు కాదు. అది తెలిసే ఒప్పుకున్నాను.

లాయర్‌గారికి, కాల్స్ వచ్చినప్పుడల్లా పక్కన కూర్చుని తేదీ, టైము నోట్ చేసిన మా తమ్ముడికి చాలా చాలా థాంక్స్. అక్కా, మీ కళ్లజోడు ఆ కాగితాల మధ్యే ఉండిపోయింది, ఆదివారం తెచ్చిస్తాను.