రమణాశ్రమానికి అరగంట చాలదు

ఎడిటర్ గారికి నమస్కారం.

పౌర్ణమి దగ్గరపడితే చాలు, మీ జిల్లా పేజీలో అరుణాచలం బస్సుల వార్త వస్తుంది. ఎన్నింటికి బయల్దేరుతుంది, టికెట్ ఎంత, దారిలో కాణిపాకం ఉందా, వేలూరు గోల్డెన్ టెంపుల్ ఉందా, అన్నీ వివరంగా రాస్తారు. మంచిదే. 2023లో గురుపౌర్ణమికి తెలంగాణ ఆర్టీసీ ఈ ప్యాకేజీ పెట్టిన దగ్గర్నుంచి హైదరాబాద్‌లో ఉన్న మా బంధువుల్లోనే చాలామంది వెళ్లొచ్చారు. కానీ ఆ వార్తల్లో, అక్కడే రమణ మహర్షి ఉన్న రమణాశ్రమం గురించి ఎప్పుడైనా ఒక్క ముక్క ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. ఈమధ్య నేనూ మా వదినా మొదటిసారి ఆ ఆశ్రమంలోనే ఉండి వచ్చాం. మనవాళ్లు గుమ్మం దాకా వెళ్లి ఏం వదిలేసి వస్తున్నారో కళ్లారా చూశాక రాయకుండా ఉండలేకపోయాను.

ముందు చాలామందికి తెలియని సంగతి చెప్తాను. అక్కడ ఉండటానికి అద్దె లేదు, భోజనానికి డబ్బు లేదు. ముందుగానే ఆశ్రమానికి ఉత్తరమో ఈమెయిలో రాసి, ఏ తేదీకి వస్తున్నాం, ఎంతమందిమి, ఎన్నాళ్లు ఉంటాం అని చెప్పాలి, ఖాళీ ఉంటే రమ్మని జవాబు వస్తుంది. కొత్తవాళ్లకి మామూలుగా రెండు మూడు రోజులే ఇస్తారు. తిరిగి వచ్చేటప్పుడు ఎవరికి తోచింది వాళ్లు ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోవచ్చు, ఇవ్వకపోతే అడిగేవాళ్లు లేరు. పౌర్ణమికీ, కార్తీక దీపానికీ, డిసెంబరు చివర్లోనో జనవరిలోనో వచ్చే మహర్షి జయంతికీ గది దొరకడం కష్టం కాబట్టి మామూలు రోజులు చూసుకుంటే నయం. గదిలో ఏసీ, టీవీ ఆశించకండి. మంచాలు, ఫ్యాను, బాత్రూమ్ ఉంటాయి, శుభ్రంగా ఉంటుంది. కిటికీలు మాత్రం వేసుకోవాలి, కోతులు ఊరుకోవు.

ఇక నన్ను బాగా బాధపెట్టిన విషయం. ఆశ్రమంలో ఓల్డ్ హాల్ అని ఒక చిన్న గది ఉంది. మహర్షి సుమారు ఇరవై ఏళ్లు పగలూ రాత్రీ ఉన్నది అందులోనే. ఆయన కూర్చున్న సోఫా అక్కడే ఉంది, దాని మీద ఆయన పెద్ద పటం. మిగతా అంతా ఖాళీ నేల. వచ్చినవాళ్లు గోడకు ఆనుకునో, నేల మీద చాప వేసుకునో కళ్లు మూసుకుని కూర్చుంటారు. మాట్లాడకూడదు. మేం కూర్చుని ఉండగా ఒక ప్యాకేజీ బస్సులో వచ్చిన తెలుగువాళ్లు గుంపుగా తలుపు దగ్గరకు వచ్చారు. ఒకాయన లోపలికి తొంగిచూసి, "ఇంతేనా? ఇంకేం ఉంది ఇక్కడ?" అని గట్టిగా అడిగారు. వెనకాల ఎవరిదో ఫోన్ మోగింది, ఆవిడ అక్కడే నిలబడి మాట్లాడారు. ఇద్దరు ముగ్గురు సోఫాకి దండం పెట్టుకున్నారు, హుండీ ఎక్కడని అడిగారు, అయిదు నిమిషాల్లో అందరూ వెళ్లిపోయారు. వాళ్లని తప్పు పట్టడానికి నాకు నోరు రావడం లేదు. రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చినవాళ్లు. గైడు వాళ్లకి చెప్పింది ఒక్కటే, అరగంటలో బస్సు దగ్గరకు రావాలని. ఇది కూర్చునే చోటు, చూసిపోయే చోటు కాదని ఎవరైనా ఒక్క మాట చెప్పి ఉంటే ఆ అరగంటా లోపలే కూర్చునేవాళ్లు కదా.

మహర్షి దగ్గరకు వచ్చినవాళ్లు చేసింది కూడా అదే, కూర్చోవడం. ఆయన 1896 సెప్టెంబర్ 1న, పదహారేళ్ల వయసులో, ఇంట్లో చెప్పకుండా మదురై నుంచి తిరువణ్ణామలై, అంటే మన అరుణాచలం, చేరుకున్నారు. 1950 ఏప్రిల్ 14న శరీరం వదిలేదాకా అక్కడి కొండను విడిచి వెళ్లలేదు. మఠం పెట్టాలనుకున్నవారు కాదు, మంత్రోపదేశాలు ఇచ్చినవారూ కాదు. 1922లో తల్లి అళగమ్మాళ్ పోతే కొండ కింద సమాధి చేశారు, ఆ సమాధి చుట్టూ పెరిగిందే ఈ ఆశ్రమం. ఆయన తర్వాత గురువునంటూ ఆ స్థానంలో ఇంకెవరూ కూర్చోలేదు. కాబట్టి అక్కడ స్పెషల్ దర్శనం లేదు, టికెట్ లేదు, స్వామీజీ ఎప్పుడొస్తారని ఎదురుచూడక్కర్లేదు.

మన తెలుగువాళ్లకి ఇంకో సంగతి గుర్తుచేయాలి. ఆయనకి భగవాన్ శ్రీ రమణ మహర్షి అని పేరు పెట్టింది మన కావ్యకంఠ గణపతి ముని, బొబ్బిలి దగ్గర కలువరాయిలో పుట్టిన సంస్కృత పండితుడు. అంతకుముందు జనం బ్రాహ్మణ స్వామి అనేవారు. 1907 నవంబరులో గణపతి ముని మండుటెండలో, కొండ మీద స్వామి అప్పట్లో ఉంటున్న విరూపాక్ష గుహకి ఎక్కి, శాస్త్రాలన్నీ చదివాను, జపాలు చేశాను, అయినా తపస్సు అంటే ఏమిటో తెలియలేదని, తనకంటే ఏడాదికి పైగా చిన్నవాడైన స్వామి కాళ్లు పట్టుకున్నారు. చాలాసేపు మౌనంగా చూశాక, నేను అనేది ఎక్కడి నుంచి పుడుతోందో గమనిస్తే మనసు అక్కడే లీనమవుతుంది, అదే తపస్సు అని స్వామి చెప్పారట. అంతటి పండితుడికి దొరికిన జవాబు అంత చిన్నది. గుడులూ పూజలూ అంటే పడని రచయిత చలం కూడా 1950లో బెజవాడ వదిలి అక్కడికే వెళ్లి, 1979లో పోయేదాకా అక్కడే ఉండిపోయారు. ఇంత చుట్టరికం ఉన్న చోట మనకి అరగంటేనా?

భోజనాల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే నాకు ఆశ్రమం బాగా అర్థమైంది అక్కడే. పదకొండున్నరకి గంట కొడతారు. పెద్ద హాలు, గోడల నిండా మహర్షి ఫొటోలు, నేల మీద వరసగా విస్తళ్లు. విదేశాల నుంచి వచ్చినవాళ్లు, మద్రాసు నుంచి కారులో వచ్చినవాళ్లు, కొండ చుట్టూ తిరిగే ముసలమ్మలు, అందరూ ఒకే వరసలో కూర్చుంటారు. వడ్డించేవాళ్లు బకెట్లు పట్టుకుని చకచకా వస్తారు, మనం చెయ్యి అడ్డం పెట్టేలోపే సాంబారు పడిపోతుంది. కూర, సాంబారు, చారు, చివర్లో మజ్జిగ. మన కారం ఉండదు. మా వదిన మొదటి పూట ఊరగాయ కోసం వెతుక్కుంది, తర్వాత దాని మాటే మర్చిపోయింది. మనకంటే ముందే రోజూ బయట సాధువులకీ పేదలకీ అన్నం పెడతారు. మహర్షి తెల్లవారుజామునే లేచి వంటింట్లో కూరలు తరిగేవారనీ, పచ్చళ్లు రుబ్బేవారనీ, తన విస్తట్లో పక్కవాడికంటే ఒక్క ముక్క ఎక్కువ పడినా ఒప్పుకునేవారు కాదనీ పాత భక్తులంతా రాశారు. అదంతా చదివి వెళ్లినా, ఆ వరసలో కూర్చుని తింటే గానీ నాకు మనసుకి పట్టలేదు.

సాయంత్రం అయిదింటికి మహర్షి సమాధి దగ్గర వేదపారాయణ, ఆ తర్వాత ఆరున్నరకి తమిళ పారాయణ. ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు కూర్చుని నెమ్మదిగా, సాగదీస్తూ పాడతారు. నాకు తమిళం రాదు. అయినా లేచి రాబుద్ధి కాలేదు. బయట ఆవరణలో నెమళ్లు తిరుగుతుంటాయి. ఒక పక్కన 1948లో పోయిన లక్ష్మి అనే ఆవు సమాధి ఉంది, ఒక కాకికీ కుక్కకీ జింకకీ కూడా ఉన్నాయి. పిల్లల్ని తీసుకెళ్తే అవి తప్పకుండా చూపించండి.

ఆశ్రమం వెనక గేటు నుంచి స్కందాశ్రమానికి రాళ్లు పరిచిన కాలిబాట ఉంది. తల్లి వచ్చి చేరాక 1916 నుంచి 1922 దాకా మహర్షి ఉన్నది అక్కడే. పొద్దున్నే టిఫిన్ తినేసి బయల్దేరితే ఎండ ముదరకముందే చేరుకోవచ్చు, మోకాళ్ల నొప్పులున్న మా వదిన కూడా ఆగుతూ ఆగుతూ ఎక్కింది. అక్కడికి కాస్త ముందు కొండ మీంచి చూస్తే ఊళ్లోని అరుణాచలేశ్వరుడి పెద్ద గుడి గోపురాలన్నీ ఒకేసారి కనిపిస్తాయి. అక్కణ్నుంచి కిందికి దిగితే విరూపాక్ష గుహ. ప్యాకేజీ బస్సుల్లో వచ్చేవాళ్లకి ఈ దారి ఉందనే తెలియదు.

ట్రావెల్స్ నడిపేవాళ్లకి, ఆర్టీసీ వాళ్లకి నేను అడిగేది పెద్ద పనేం కాదు. గిరిప్రదక్షిణ, అంటే కొండ చుట్టూ నడక, 14 కిలోమీటర్లు, ఎండకి తట్టుకోలేక ఎలాగూ చాలామంది రాత్రే నడుస్తారు. ఆశ్రమం ఆ దారిలోనే ఉంది, అగ్నిలింగం గుడి దాటాక, యమలింగం గుడికి ముందు. ప్రదక్షిణ ఎక్కడ మొదలుపెట్టినా తిరిగి అక్కడికే చేరతాం. అలాంటప్పుడు మధ్యాహ్నం నాలుగింటికి బస్సుని ఆశ్రమం దగ్గర ఆపి, పారాయణలు అయ్యేదాకా జనాన్ని అక్కడే కూర్చోనిచ్చి, అక్కణ్నుంచే నడక మొదలుపెట్టిస్తే ఏం పోతుంది? అదనంగా డీజిల్ ఖర్చు కూడా ఉండదు. దిగేముందు బస్సులోనే రెండు మాటలు చెప్పాలి: ఫోన్ ఆపేయండి, లోపల మాట్లాడకండి.

మీరు కూడా వచ్చే పౌర్ణమికి బస్సుల వార్త వేసేటప్పుడు పక్కన చిన్న బాక్సు కట్టి, ఉండాలనుకునేవాళ్లు ఆశ్రమానికి ముందే రాయాలనీ, భోజనం పదకొండున్నరకనీ, పారాయణ అయిదింటికనీ, ఓల్డ్ హాల్లో మౌనంగా ఉండాలనీ వేయండి. టికెట్ ధర పక్కన ఆ నాలుగు లైన్లకి చోటు దొరక్కపోదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
ఒంగోలు