ఊడిన క్రోముకు ఉప్పుగాలి కారణం కాదు

సంపాదకుడు గారికి,

కార్ల మీది క్రోమ్ పూత ఊడిపోవడానికి గోపాల్‌పూర్ ఉప్పుగాలే కారణమని పోయిన వారం మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త చదివి నాలుగు రోజులు ఓర్చుకున్నాను. బరంపురం తెలుగువాళ్ల గురించి మీరు రాయడమే అరుదు. రాసిన ఆ ఒక్కటీ తప్పయితే ఎలా?

పుణె పక్కన చాకణ్‌లో పంతొమ్మిదేళ్లు ప్లాస్టిక్ ముక్కలు అచ్చుపోసే మౌల్డింగ్ యంత్రం దగ్గర నిలబడి వచ్చినవాణ్ణి. పద్నాలుగు నెలల నా కారు తలుపు పిడి మీద పూత అరటితొక్కలా ఒలిచి వచ్చింది. బాగుచేయమని అడిగితే, అమ్మినవాళ్లూ ఉప్పుగాలి పేరే చెప్పి పంపేశారు. గోపాల్‌పూర్‌లోనే ఉండే మా బావమరిది కారుకు ఆరేళ్లు. దాని పిడి చెక్కుచెదరలేదు.

ఆ పిడి ఇనుము కాదు, ఏబీఎస్ ప్లాస్టిక్. పూతను ఉప్పు తింటే చుక్కలు పడతాయి, పచ్చటి మరకలు కడతాయి. పొరంతా ఊడి కింద ప్లాస్టిక్ నున్నగా కనిపించిందంటే ఆ పూత మొదటి రోజే పట్టుకోలేదు. ఏబీఎస్‌లో రబ్బరు రేణువులుంటాయి. ప్లేటింగుకు, అంటే లోహపు పూత వేయడానికి, ముందు క్రోమిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాల తొట్టిలో ముంచితే అవి కరిగి, కంటికి కనపడని గుంటలు మిగులుతాయి. పైన వేసే లోహానికి పట్టు దొరికేది ఆ గుంటల్లోనే. కరిగిన ప్లాస్టిక్‌ను అచ్చులోకి మరీ వేగంగా తోస్తే గుండ్రని రేణువులు పీచుల్లా సాగిపోతాయి, ముఖ్యంగా గేటు దగ్గర, అంటే ప్లాస్టిక్ అచ్చులోకి దూరే చోట. ఇక గుంటలెక్కడ పడతాయి? అచ్చుపోసే ముందు ప్లాస్టిక్ దాణాను (గుళికలను) 80 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు ఆరబెట్టాలి, అచ్చును తగినంత వేడిగా ఉంచాలి, నెమ్మదిగా నింపాలి. ముక్కను గాఢ అసిటిక్ ఆమ్లంలో కాసేపు ముంచితే లోపలి ఒత్తిడి ఉన్నచోట తెల్లబడి పగుళ్లు తేలుతాయి. ఇంత చిన్న పరీక్షకూ తీరిక లేదనేవారు మా పైవాళ్లు. ముక్కకు నాలుగు సెకన్లు తగ్గించమని మా మీద ఒత్తిడి, ఆ తర్వాత ప్లేటింగువాళ్లతో పోట్లాట!

తిరిగొచ్చిన ముక్కల పూత కరిగించి మళ్లీ వేస్తే, లేదా వాటిని పారేసి కొత్తవి చేస్తే, మళ్లీ అదే ఆమ్లం, అదే కడుగునీరు. ఆ తొట్టిలో ఉండేది ఆరు సంయోజకత క్రోమియం, క్యాన్సర్ కలిగించేది. సుకిందా లోయలో క్రోమైట్ (క్రోమియం ఖనిజం) గనుల వల్ల నీళ్లలో ఈ విషం ఎలా కలిసిందో మన ఒడిశాలో తెలియనిదెవరికి? తాగే నీటిలో లీటరుకు 0.05 మిల్లీగ్రాములకు మించి క్రోమియం ఉండకూడదని ప్రమాణం ఉంది. దాన్ని కొలిచి చూసే అధికారి మా వీధుల్లో నాకు ఒక్కసారీ కనిపించలేదు.

ఈ పని నేర్పే శిక్షణ సంగతి మరో బాధ. మా గంజాం కుర్రాళ్లు పనికోసం సూరత్ రైలెక్కుతూనే ఉన్నారు. యంత్రం మీద చెయ్యి పెట్టనివ్వకుండా ధ్రువపత్రం చేతిలో పెడితే ఎవరు పనిస్తారు?

మీ విలేఖరిని ఒకసారి మా ఇంటికి పంపండి. పూత మొదట లేచిన చోటు వెనకనే గేటు మచ్చ ఉంది. పిడి విప్పి చూపిస్తాను.

ఒక పాఠకుడు,
బరంపురం, గంజాం జిల్లా