ఖమ్మం రెండుసార్లు వెళ్లొచ్చిన బాబాయి గారికి

నిన్న సాయంత్రం లాయర్ ఆఫీసు నుంచి ఒక్క లైను మెయిల్ వచ్చింది. నా ఐ-140 అప్రూవ్ అయింది. రాత్రంతా నిద్ర లేదు, రాయడంలో తప్పులుంటే మన్నించండి. ఇది రాస్తే గానీ ఈ రోజు కూడా పడుకోలేను.

తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. ఐ-140 అంటే మనం పనిచేసే కంపెనీ మన గ్రీన్‌కార్డు కోసం వేసే పిటిషన్. వేశాక మూడు అక్షరాలు, పది అంకెలున్న రసీదు నంబరు ఇస్తారు. ఆ నంబరు కొట్టి స్టేటస్ చూసుకుంటూ కూర్చోవడమే ఇక మన పని. మాది జూన్‌లో 2,805 డాలర్లు కట్టి ప్రీమియంలో వేశారు. అలా వేస్తే 15 పనిదినాల్లో ఏదో ఒకటి తేల్చాలి. జూలై 1న తేల్చారు. అప్రూవల్ కాదు, ఆర్ఎఫ్ఈ. ఇంకా ఆధారాలు కావాలన్నారు.

ఏం అడిగారో తెలియడానికే తొమ్మిది రోజులు పట్టింది. ఈ మాట రాయకుండా ఉండలేకపోతున్నాను. పిటిషన్ కంపెనీది, కాగితం వెళ్లేది లాయర్‌కి. బతుకు మాత్రం నాది. ఆ తొమ్మిది రోజులూ ఫోన్ చేస్తే 'వచ్చాక చెప్తాం' అన్నారు. సెప్టెంబర్ 30తో నా హెచ్1బీకి, అంటే అమెరికాలో ఉద్యోగం చేసుకునే వీసాకి, ఉన్న ఆరేళ్ల గడువు నిండుతుంది. పిటిషన్ తిరస్కరిస్తే పొడిగింపు లేదు. మా పాప నాలుగో తరగతిలోకి వెళ్లబోతోంది. స్కూలు పుస్తకాలు కొనాలా, పెట్టెలు సర్దాలా అన్న టెన్షన్‌లో ఆ జూలై ఎలా గడిచిందో నాకే తెలియదు.

అడిగింది ఇదీ. నాది బీటెక్. ఈబీ-2 అనే గ్రీన్‌కార్డు కేటగిరీ కింద వెళ్లాలంటే బీటెక్ మీద ఐదేళ్ల అనుభవం చూపించాలి. ఇప్పటి కంపెనీలో చేసింది లెక్కలోకి రాదన్నారు. ఆ ఐదేళ్లలో మూడేళ్ల ఎనిమిది నెలలు అమీర్‌పేటలో ఒక చిన్న కంపెనీలో, 2009 నుంచి 2013 దాకా. వాళ్లిచ్చిన సర్వీస్ సర్టిఫికెట్ ఉంది. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా ఫలానా హోదాలో పనిచేసింది, అంతే. మన దగ్గర అందరూ ఇచ్చేది అదే కదా! వీళ్లకి అది చాలదు. ఏమేం పనులు చేశానో విడివిడిగా రాసి, రాసినవాళ్ల పేరు, హోదా, అడ్రసుతో సంతకం కావాలి. ఆ కంపెనీ 2020లోనే మూతపడింది. సంతకం ఎవరు పెడతారు?

తమ్ముడు అమీర్‌పేట వెళ్లి చూస్తే మా ఆఫీసున్న అంతస్తులో ఇప్పుడు అబ్బాయిల హాస్టల్ ఉంది. కింద జిరాక్స్ షాపతను మాత్రం 'ఆ కంపెనీ అకౌంట్స్ చూసిన పెద్దాయన, పీఎఫ్ పని మీద ఎవరైనా వస్తే ఇవ్వమన్నారు' అని ఒక నంబరు ఇచ్చాడు. అలా దొరికారు బాబాయి గారు. పేరు రాయొద్దన్నారు, రాయను.

ఆయన ఆ కంపెనీలో చేరింది 2014లో. అంటే నేను మానేశాక. నన్ను ఎప్పుడూ చూడలేదు, నా పేరు కూడా వినలేదు. కంపెనీ మూసేటప్పుడు పాత ఫైళ్లన్నీ తూకానికి వేయబోతుంటే, స్టాఫ్ కాగితాలున్న ట్రంకుపెట్టె ఒకటి ఆటోలో ఇంటికి తెచ్చుకుని అటక మీద పెట్టుకున్నారు. ఐదేళ్ల తర్వాత ఎక్కడో డాలస్ నుంచి నేను ఫోన్ చేస్తే, 'రెండు రోజులు టైమివ్వమ్మా, పెట్టె దింపించాలి' అన్నారు. మూడో రోజు పొద్దున నా ఫారం 16లు, జీతం స్లిప్పులు, చేరినప్పటి అపాయింట్‌మెంట్ కాపీ, అన్నీ వాట్సాప్‌లో ఉన్నాయి. ఒక్కో పేజీ నీడ పడకుండా తీసి, సంవత్సరాల వారీగా పంపారు.

మా అప్పటి మేనేజర్ రిటైరై ఖమ్మంలో ఉంటున్నారని కనుక్కున్నదీ ఆయనే. లెటర్‌హెడ్ లేదు కాబట్టి స్టాంపు పేపరు మీద అఫిడవిట్ చేయించి నోటరీ పెట్టించాలన్నారు లాయర్. 'ఆయనకి చేతులు వణుకుతాయట, ఫోన్లో చెప్తే అవదు, నేనే వెళ్తాను' అని హైదరాబాద్ నుంచి బస్సెక్కి వెళ్లి చేయించుకొచ్చారు. తమ్ముడు కొరియర్‌లో పంపాడు.

లాయర్ చూసి బాలేదన్నారు. ఫుల్‌టైమ్ అన్న ముక్క లేదు, వారానికి ఎన్ని గంటలో లేదు. మళ్లీ చేయించాలి.

ఆ మాట ఆయనకి చెప్పడానికి నాకు ఒక రోజంతా నోరు రాలేదు. ఎవరని ఇంకోసారి వెళ్లమంటాను? చివరికి చెప్తే, 'దానికేముందమ్మా, బస్సుంది కదా' అన్నారు. పైగా లాయర్ చూడనిది ఆయన చూశారు. అఫిడవిట్‌లో నా ఇంటిపేరు పొడి అక్షరంగానే ఉంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది. 'రెండూ ఒకటేనని కూడా రాయిస్తాను, లేకపోతే వాళ్లు మళ్లీ అదొకటి పట్టుకుంటారు' అన్నారు.

రెండోసారి వెళ్లొచ్చిన మర్నాడు వీడియో కాల్ చేశారు. మాకు రాత్రి పది, అక్కడ పొద్దున ఎనిమిదిన్నర. కాగితం కళ్లకి దగ్గరగా పెట్టుకుని, నా పేరులోని ఒక్కో ఇంగ్లీషు అక్షరం పైకి చదువుతూ, నా పాస్‌పోర్టుతో సరిచూసుకోమన్నారు. ఇంట్లోనే నల్ల కళ్లద్దాలు పెట్టుకుని ఉన్నారు. ఏంటి బాబాయి గారూ అంటే, 'శుక్లం ఆపరేషన్ అయిందిలే, తొమ్మిది రోజులైంది. దుమ్ములోకి వెళ్లొద్దన్నాడు డాక్టరు. కిటికీ వేసుకునే కూర్చున్నా, నువ్వు అక్షరాలు చూసుకో' అన్నారు.

నేను అక్షరాలు చూసుకోలేకపోయాను. ఏడుపు ఆగలేదు. ఆయన పాపం కంగారుపడి, మళ్లీ ఏదో తప్పు దొర్లిందనుకుని మొదటి నుంచి చదవడం మొదలుపెట్టారు.

ఖర్చులకని తమ్ముడు ఐదు వేలు ఇస్తే, బస్సు టికెట్లు, స్టాంపు పేపర్లు, నోటరీ ఫీజు వరుసగా రాసి కింద కూడిక వేసిన చీటీతో మిగతాది తిరిగిచ్చేశారు. అందులో ఆయన భోజనం ఖర్చు లేదు. ఆ చీటీ తమ్ముడి దగ్గర నుంచి తెప్పించుకుని దాచుకుంటాను. ఎందుకింత శ్రమ పడ్డారని అడిగితే, 'ఆ పెట్టె తెచ్చుకున్నదే అందుకు కదమ్మా' అన్నారు.

జవాబుకి ఇచ్చిన 87 రోజుల్లో 57వ రోజున, ఆగస్టు 27న పంపగలిగాం. ఇప్పుడు హెచ్1బీకి మూడేళ్ల పొడిగింపుకి వేస్తున్నారు.

మా ఆయన, అత్తయ్య, తమ్ముడు ఎంత చేశారో వాళ్లకీ తెలుసు, నాకూ తెలుసు.

సంతోషంగానే ఉన్నాను, కానీ ఈ అప్రూవల్‌తో గ్రీన్‌కార్డు వచ్చిందని అభినందిస్తున్నవాళ్లకి నిజం చెప్పాలి. వచ్చింది వరసలో చోటు మాత్రమే. నా ప్రయారిటీ డేట్, అంటే వరసలో నా చోటు తేదీ, 2024 జనవరి. ఎవరి వంతు వచ్చిందో నెలనెలా చెప్పే వీసా బులెటిన్‌లో, 2025 సెప్టెంబర్‌కి ఇండియా ఈబీ-2 తేదీ 2013 జనవరి 1. అంటే అంతకు ముందు తేదీ ఉన్నవాళ్ల వంతే వచ్చింది. ఏడాదికి ఉద్యోగాల కోటాలో గ్రీన్‌కార్డులు సుమారు 1,40,000, అందులో ఒక్కో దేశానికి 7 శాతం. చిన్న దేశమైనా మన దేశమైనా అదే 7. 1990లో రాసిన చట్టం. పాపకి 21 నిండేలోపు మా వంతు రాకపోతే తను మా వరసలోంచి బయటికి పోతుంది. పిటిషన్ పెండింగ్‌లో ఉన్న రోజులు వయసులోంచి తీసేస్తారట, మాకు అవి మూడు నెలలు కూడా లేవు. డబ్బు కట్టి తొందరగా తేల్చుకున్నందుకు పిల్ల లెక్కలో నష్టం. ఇది ఏ న్యాయమో నాకు అర్థం కాదు.

అయ్యో, ఇంకా చాలామందిని మర్చిపోయాను. వణికే చేత్తో రెండుసార్లు ప్రతి పేజీ మీదా సంతకం పెట్టిన మా మేనేజర్ గారు. ఆయన సంతకం లేనిదే ఏదీ లేదు, మొదట్లోనే రాయాల్సింది, క్షమించండి సార్. జిరాక్స్ షాపు అన్న. లాయర్ ఆఫీసులో శనివారం కూడా ఫోనెత్తిన పారాలీగల్ అమ్మాయి. పాపని పదిహేను రోజులు స్కూల్ నుంచి తీసుకొచ్చిన పక్కింటి అక్క. పాత పీఎఫ్ పాస్‌బుక్ డౌన్‌లోడ్ చేయడం నేర్పిన మా బ్యాచ్ అబ్బాయి. అటక మీంచి పెట్టె దింపిన బాబాయి గారి మనవడు.

ఒక మాట ఆయన చెప్పమన్నారు. పెట్టెలో ఇంకా అరవై మందికి పైగా కాగితాలున్నాయట. అమీర్‌పేటలో ఆ ఆఫీసులో 2020 లోపు పనిచేసినవాళ్లు, పీఎఫ్‌కి గానీ వీసాకి గానీ కావాలంటే నాకు మెసేజ్ పెట్టండి, ఆయన్ని అడిగి కలుపుతాను. కన్ను పూర్తిగా నయమయ్యేదాకా, ఇంకో మూడు వారాలు మాత్రం ఆగండి.